బిజినెస్ ల్యాప్‌టాప్‌కి ఇద్దరు యజమానులు

కొత్తగా బిజినెస్ ల్యాప్‌టాప్ కొన్నవాణ్ణి "ఎలా ఉంది?" అని అడిగి చూడండి. ముందు బరువు చెప్తాడు. మూత ఒంటిచేత్తో తెరుచుకుంటుందంటాడు. రంగు బాగుందంటాడు, బటన్ నొక్కీ నొక్కకముందే ఆన్ అవుతోందంటాడు. అన్నీ నిజాలే కావచ్చు. కానీ వీటిలో ఒక్కటి కూడా అది బిజినెస్ ల్యాప్‌టాప్ ఎందుకయిందో చెప్పదు. పండగ సేల్‌లో దొరికే మామూలు ల్యాప్‌టాప్ కూడా మొదటి వారం ఇలాగే మెరుస్తుంది. మరి దానికన్నా వేలకు వేలు ఎక్కువ పెట్టి దీన్ని కొన్నది దేనికి? ఆ ఎక్కువ డబ్బు ఎక్కడికి పోయిందో చూడకుండా చెప్పే మొదటి అభిప్రాయం వల్ల వినేవాడికి లాభం లేకపోగా, ఇంకొకరికి నష్టం కూడా ఉందని నా వాదన. ఆ ఇంకొకరు ఎవరంటే, ఇదే మోడల్‌ని నాలుగైదేళ్ల తర్వాత సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కోబోయేవాడు.

బెంగళూరులో ఉండి ఈ మాట అనడంలో కొంచెం వింత ఉంది. మారతహళ్లి నుంచి సిల్క్ బోర్డు దాకా ఔటర్ రింగ్ రోడ్డు మీద భుజాన నల్ల బ్యాగుతో తిరిగే మన తెలుగువాళ్లలో చాలామంది దగ్గర ఉండేది బిజినెస్ ల్యాప్‌టాపే. కాకపోతే అది వాళ్లది కాదు. అడుగున కంపెనీ అసెట్ నంబరు స్టిక్కర్ ఉంటుంది. పెన్‌డ్రైవ్ పెట్టనివ్వదు, ప్రింటర్ కలుపుకోవాలన్నా ఐటీ వాళ్లకి టికెట్ వెయ్యాలి. పాడైతే ఇంకోటి ఇస్తారు. అలాంటి యంత్రం మీద ప్రేమ పుట్టదు, కోపమూ నిలవదు. నేనూ ఏళ్ల తరబడి అలాగే వాడాను. ఉద్యోగం మానేసి సొంతంగా డేటాబేస్ పనులు చేసుకోవడం మొదలుపెట్టాక, నా జీఎస్టీ నంబరు మీద, నా డబ్బుతో మొదటిసారి ఒకటి కొన్నాను. 18 శాతం పన్ను ఇన్‌పుట్ క్రెడిట్‌లో వెనక్కి వస్తుందన్న ధైర్యమే లేకపోతే బిల్లు చూసి షాపులోంచి వచ్చేసేవాణ్ణేమో. ఏ కంపెనీదో చెప్పను. ఆఫీసులకు అమ్మే పెద్ద పేర్లలో ఒకటి, అంతే. మంచీ చెడ్డా దాదాపు అన్నిట్లోనూ ఇలాగే ఉన్నాయి.

కీబోర్డు సంగతి ముందు చెప్పేస్తాను, ఎందుకంటే అది నచ్చింది. బిజినెస్ ల్యాప్‌టాప్‌కి ఆ పేరు నిలబెట్టిన వాటిలో కీబోర్డు ఒకటి. ఇప్పుడు దీని మీద కూడా కోత మొదలైంది. ఒకప్పుడు మంచి ఆఫీసు ల్యాప్‌టాప్‌లో కీ నొక్కితే 1.8 మిల్లీమీటర్ల లోతుకి దిగేది, ఇప్పుడు ఎక్కువ మోడళ్లలో 1.5. రాయడానికి చిన్న తేడానే. రోజంతా క్వెరీలు కొట్టేవాడి వేళ్లకి మాత్రం సాయంత్రానికి తెలుస్తుంది. అయినా నాది ఫరవాలేదు. స్పేస్ బార్ ఏ మూల నొక్కినా పలుకుతోంది, పైకీ కిందికీ వెళ్లే బాణం కీలు చీమ తలకాయంత చెయ్యలేదు. ఇన్‌స్క్రిప్టులో తెలుగు కొట్టేవాణ్ణి కాబట్టి షిఫ్ట్ మీద నా చిటికెన వేలు ఎప్పుడూ ఉంటుంది. రెండు షిఫ్టులూ నిండుగా, పెద్దగా ఉన్నాయి. ఇంతకన్నా దీని గురించి రాయాల్సింది లేదు.

స్క్రీన్ గురించి మాత్రం ఉంది. కొత్తగా కొనేవాళ్లు బ్రోషర్‌లో 14 అంగుళాలు, 16:10, 1920 బై 1200 అన్న మూడు అంకెలు చూసి ఊరుకుంటారు. ఆ పక్కనే చిన్న అక్షరాల్లో "45 శాతం ఎన్‌టీఎస్‌సీ" అని ఉంటుంది. ఏమిటో అర్థంకాని అంకె కాబట్టి కళ్లు దాటేసి వెళ్లిపోతాయి. రంగుల్లో ఎంత భాగం ఆ ప్యానెల్ చూపగలదో చెప్పే కొలత అది. మనం వెబ్‌లో, ఫొటోల్లో మామూలుగా చూసే ఎస్ఆర్‌జీబీ రంగులన్నీ కనబడాలంటే ఆ లెక్కలో దాదాపు 72 ఉండాలి. 45 అంటే ఎరుపు ఇటుకరంగులా, ఎక్సెల్‌లో వేసిన పసుపు గడి వెలిసిపోయిన చొక్కా రంగులా కనిపిస్తుంది. లక్ష రూపాయల దరిదాపుల్లో ఉన్న యంత్రానికి ఇలాంటి ప్యానెల్ వెయ్యడం నాకు సిగ్గుమాలిన పనిగానే తోస్తుంది. కంపెనీలు వేలల్లో ఆర్డరు పెడతాయి, ఒక్కో ప్యానెల్ మీద కొంత మిగిలినా మొత్తం మీద పెద్ద మొత్తమే. ఆ ఆర్డర్ల కోసం తయారైన సరుకే డీలర్ల దగ్గర మనబోటి ఒంటరివాళ్లకీ దొరుకుతుంది. మంచి ప్యానెల్ కావాలంటే "ఆర్డరు పెట్టాలి సార్, నాలుగు వారాలు" అంటారు. నేను ఆర్డరే పెట్టాను. కొనే ముందు ఇది ఒక్కటి అడిగినా చాలా బాధ తప్పుతుంది.

ఇంకొకటి, బ్యాగులో వేడి. వైట్‌ఫీల్డులో క్లయింటు దగ్గర పని ముగించి, మూత మూసి బ్యాగులో పెట్టుకుని మెట్రో ఎక్కాను. మెజెస్టిక్ చేరేసరికి వీపుకి గోరువెచ్చగా తగులుతోంది. తీసి చూస్తే బ్యాటరీ కూడా తగ్గింది. ఇది నా ఒక్కడి యంత్రానికే వచ్చిన జబ్బు కాదు. పాత ల్యాప్‌టాప్‌లు నిద్రపోతే ర్యామ్‌కి, అంటే నడుస్తున్న పనిని పట్టుకుని ఉండే మెమరీకి తప్ప దేనికీ కరెంటు అందేది కాదు. ఎస్3 అంటారు ఆ నిద్రని. ఇప్పటివాటిలో చాలావరకు అది తీసేసి మోడర్న్ స్టాండ్‌బై పెట్టారు. ఇది ఫోన్ నిద్ర: మూత మూసినా లోపల సగం మెలకువగా ఉండి మెయిళ్లు తెచ్చుకుంటూ ఉంటుంది, అప్పుడప్పుడూ అప్‌డేట్ల పనీ పెట్టుకుంటుంది. గాలి ఆడని బ్యాగులో ఆ పని చేస్తే వేడెక్కక ఏం చేస్తుంది? మూత మూస్తే హైబర్నేట్ అయ్యేలా, అంటే పనిని డిస్కులో దాచి పూర్తిగా ఆగిపోయేలా సెట్టింగు మార్చుకున్నాక నాకు ఆ గొడవ లేదు. మళ్లీ తెరిచాక లేవడానికి కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది. "క్షణంలో ఆన్ అవుతోంది" అని మొదటి వారం మెచ్చుకునేవాళ్లు ఆ క్షణానికి కట్టే ఖరీదు ఈ వేడే.

మిలిటరీ గ్రేడ్ అన్న మాట గురించి రెండు ముక్కలు. పెట్టె మీద మిల్-ఎస్‌టీడీ-810హెచ్ అని రాస్తారు. అది అమెరికా రక్షణ శాఖ 2019లో సవరించి విడుదల చేసిన పరీక్షా పద్ధతుల పుస్తకం. అందులోంచి ఏ పరీక్షలు చేయించుకోవాలో తయారీదారే ఎంచుకుంటాడు, ఏ సైన్యమూ సర్టిఫికెట్ ఇవ్వదు. పరీక్షలు జరగడం మంచిదే. అది చూసి కాఫీ ఒలికినా ఏమీ కాదనుకుంటే మాత్రం సర్వీస్ సెంటర్ మెట్లు ఎక్కాల్సిందే.

ఇక అసలు విషయం. సంతలో ఎద్దును కొనేవాడు తోలు నిగనిగ చూసి డబ్బు తియ్యడు, నోరు తెరిచి పళ్లు చూస్తాడు. నేను ల్యాప్‌టాప్‌ని తిరగేసి స్క్రూడ్రైవర్ తీశాను. అడుగు మూతకి మామూలు ఫిలిప్స్ స్క్రూలే, అవి కూడా ఊడి ఎక్కడో పడిపోకుండా మూతకే అంటిపెట్టుకుని ఉండేవి. ఈ కంపెనీలు విప్పే విధానమంతా బొమ్మలతో రాసిన సర్వీస్ మాన్యువల్‌ని ఎవరైనా దించుకునేలా తమ సైట్లలో పెడతాయి. మామూలు ల్యాప్‌టాప్‌లలో అన్నిటికీ ఇది ఉండదు, బిజినెస్ ధర పెట్టడానికి ఇదో ముఖ్యమైన కారణం. మూత తీస్తే బ్యాటరీ జిగురుతో కాక స్క్రూలతో నిలబడి ఉంది. ఎస్ఎస్‌డీ స్లాటులో ఉంది. ఫ్యాన్ ఒక్కదాన్నీ విడిగా తియ్యొచ్చు. ర్యామ్‌కి రెండు స్లాట్లు. ఒకటి ఖాళీ, అంటే కావాలంటే తర్వాత ఇంకో ర్యామ్ ముక్క గుచ్చుకోవచ్చు.

ఆ ఖాళీ స్లాటే నా మొదటి అభిప్రాయం. మిగతావన్నీ దాని తర్వాతే.

ఎందుకో చెప్పాలంటే మా మేనల్లుడి సంగతి చెప్పాలి. అనంతపురంలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. కిందటేడు సెలవులకి నా దగ్గరికి వచ్చినప్పుడు, పార్ట్ టైమ్‌లో సంపాదించుకున్న డబ్బుతో ఎస్పీ రోడ్డులో ఒక రీఫర్బిష్డ్ బిజినెస్ ల్యాప్‌టాప్ కొన్నాడు. సిటీ మార్కెట్‌కి దగ్గర్లోని ఆ సదర్ పత్రప్ప రోడ్డుకి కంప్యూటర్ విడిభాగాల కోసం రాయలసీమ నుంచి రాత్రి బస్సెక్కి వచ్చేవాళ్లూ ఉన్నారు. వాడు ఎంచుకున్నది చూడముచ్చటైన యంత్రం. పలచన, తేలిక. "కొత్తదాని మాదిరే ఉంది మామా" అని మురిసిపోయాడు. నిజంగానే గీత కూడా లేదు. కాలేజీలో ఆండ్రాయిడ్ యాప్‌ల ప్రాజెక్టు మొదలయ్యాక ల్యాప్‌టాప్‌లోనే ఫోన్‌ని అనుకరించే ఎమ్యులేటర్ తెరిస్తే చాలు బిగుసుకుపోతోందని ఫోన్ చేశాడు. ర్యామ్ 8 జీబీ. మళ్లీ వచ్చినప్పుడు 16 వేయిద్దామని ఇద్దరం అదే రోడ్డుకి వెళ్లాం. చిత్తూరు వైపు కుర్రాడు ఒకడు అక్కడ రిపేర్లు చేస్తాడు, పనిమంతుడు. మూత తీసి చూసి, "ఏం లేదన్నా, ర్యామ్ బోర్డుకే సోల్డర్ చేసేసినారు. స్లాటే లేదు దీంట్లో. అమ్మేసి వేరేది తీసుకోండి" అన్నాడు.

ఏ భాగమూ పాడవని యంత్రం అది. కీబోర్డు బాగుంది, స్క్రీన్ బాగుంది, ప్రాసెసర్‌కి ఇంకా నాలుగేళ్లు లాగే శక్తి ఉంది. కొన్ని వేల రూపాయలతో పోయేదానికి యంత్రాన్నే వదులుకోమని చెప్పాల్సి వచ్చింది. దీనికి మా మేనల్లుణ్ణి ఏమని తప్పుపడతాం? 8 జీబీ చాలని నిర్ణయించింది వాడు కాదు. ఎప్పుడో ఏ కంపెనీలోనో కొనుగోళ్ల విభాగం నిర్ణయించింది. సన్నగా ఉండాలని కోరుకున్నది ఆ కంపెనీలో దాన్ని మోసుకు తిరిగిన ఉద్యోగి.

ఈ యంత్రాలు అంత తొందరగా రెండో చేతికి ఎందుకు వస్తాయంటే, లెక్కల పుస్తకం వాటిని ముందే చంపేస్తుంది. 2013 కంపెనీల చట్టం రెండో షెడ్యూలులో సర్వర్ల ఆయుష్షు 6 ఏళ్లు, ల్యాప్‌టాప్‌లూ డెస్క్‌టాప్‌ల ఆయుష్షు 3 ఏళ్లు అని రాశారు. ఆదాయపు పన్నులోనేమో కంప్యూటర్ మీద ఏటా 40 శాతం తరుగు. లక్షకి కొన్నది ఏడాదికి 60 వేలు, రెండేళ్లకి 36 వేలు, మూడేళ్లకి 21,600. వారంటీ కూడా తరచూ మూడేళ్లకే తీసుకుంటారు, లీజు కూడా ఆ చుట్టుపక్కలే ముగుస్తుంది. పుస్తకాల్లో ప్రాణం పోయినా బల్ల మీద మాత్రం అది నిక్షేపంలా పనిచేస్తూ ఉంటుంది. అక్కణ్ణుంచి లాట్లలో అమ్ముడై ఎస్పీ రోడ్డుకి చేరుతుంది. మామూలు ల్యాప్‌టాప్‌కి చాలాసార్లు ఒకే యజమాని, బిజినెస్ ల్యాప్‌టాప్‌కి మొదటినుంచీ ఇద్దరు. ఆ రెండో యజమానికి ఎంపిక హక్కు లేదు. ఏం మిగిలితే అదే.

అందుకే మొదటి యజమాని నోటి నుంచి మొదటి వారంలో వచ్చే మాటకి విలువ ఎక్కువ. ఈ మాటలు కంపెనీలు వినవనుకునేవాళ్లకి థింక్‌ప్యాడ్ అనే బిజినెస్ ల్యాప్‌టాప్‌ల చరిత్ర చెప్తాను. ఐబీఎం 1992లో మొదలుపెట్టిన ఈ వరసని 2005లో లెనోవో కొనుక్కుంది. కీబోర్డు నడుమ, మౌస్ బాణాన్ని కదిపే ఎర్ర చుక్కలాంటి ట్రాక్‌పాయింట్, దాని కింద మూడు బటన్లు ఈ యంత్రాల గుర్తు. 2013లో వచ్చిన టీ440లో ఆ బటన్లు తీసేసి టచ్‌ప్యాడ్‌నే నొక్కుకోమన్నారు. కొన్నవాళ్లు మొదటిరోజు నుంచే గోల పెట్టారు. రెండేళ్లు తిరగకుండా, 2015 టీ450లో బటన్లు వెనక్కి వచ్చాయి. 2014 ఎక్స్1 కార్బన్‌లో పై వరస ఫంక్షన్ కీలు తీసేసి వెలుగుతూ మారే టచ్ పట్టీ పెట్టారు. దాన్నీ తిట్టారు. మరుసటి ఏడు మోడల్‌కల్లా మామూలు కీలు తిరిగొచ్చాయి. కంట్రోల్ కీ ఉండాల్సిన మూలలో ఎఫ్ఎన్ కీ ఉందని దశాబ్దాలుగా సణిగినదానికి కూడా 2024 తరంలో ఫలితం వచ్చింది, రెండింటినీ తారుమారు చేశారు. నాకు తెలిసిన పాత థింక్‌ప్యాడ్ భక్తుడు ఒకాయన ఇప్పుడు ఆ మార్పునే తిడుతున్నాడు, అది వేరే కథ.

కాబట్టి వాళ్లు వింటారు. బటన్లు పోతే అరిచాం, వచ్చాయి. ర్యామ్ స్లాట్లు పోతే ఏం చేశాం? "అబ్బ, ఎంత పలచగా ఉందో" అన్నాం. అదీ విన్నారు. కొన్నేళ్లపాటు థింక్‌ప్యాడ్ టీ14 లాంటి నడిమి వర్గం మోడళ్లలో కూడా సగం ర్యామ్ బోర్డుకి అతికించి, సగానికి స్లాటు ఇచ్చే బేరం నడిచింది. ఇంకాస్త పలచని మోడళ్లలో ఆ సగం కూడా లేదు.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. సోల్డర్ చెయ్యడం వెనక ఉన్నదంతా దురాశే కాదు. ఎల్‌పీడీడీఆర్5ఎక్స్ రకం ర్యామ్ తక్కువ వోల్టేజీతో, ఎక్కువ వేగంతో నడుస్తుంది. ప్రాసెసర్‌కీ దానికీ మధ్య తీగలు ఎంత పొట్టిగా ఉంటే అంత నమ్మకం, స్లాటు పెడితే ఆ దూరమూ అడ్డంకులూ పెరుగుతాయి. బ్యాటరీ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా రావడంలో దీని పాత్ర ఉంది. 2024లో ఇంటెల్ ఇంకో అడుగు ముందుకేసి, లూనార్ లేక్ చిప్‌లలో ర్యామ్‌ని ప్రాసెసర్ ప్యాకేజీ మీదికే ఎక్కించింది. 16 జీబీ, లేదంటే 32. అంతకు మించి ఉండదు, తర్వాత పెంచుకోవడమూ ఉండదు. వాటి బ్యాటరీ నిజంగానే బాగా వస్తుంది. ఆ పద్ధతి ఆ ఒక్క తరానికేనని ఇంటెల్ అదే ఏడాది చెప్పింది కూడా.

అయితే ఇది తప్పనిసరి అన్నవాళ్ల మాటకి సమాధానం ఆ పరిశ్రమలోనే దొరికింది. డెల్ 2022లో ప్రెసిషన్ వరసలో క్యామ్ అనే కొత్తరకం ర్యామ్ పలక తెచ్చింది. బోర్డు మీద పరుచుకుని స్క్రూలతో బిగుస్తుంది, స్లాటులా ఎత్తు పెరగదు. 2023 డిసెంబరులో మెమరీ ప్రమాణాలు నిర్ణయించే జెడెక్ సంస్థ దాన్ని క్యామ్2 పేరుతో అందరికీ ప్రమాణంగా ప్రకటించింది. 2024లో థింక్‌ప్యాడ్ పీ1 ఏడో తరం ఎల్‌పీక్యామ్2తో వచ్చింది: ఆ పొదుపు ర్యామే, కానీ విప్పి మార్చుకోవచ్చు. అదే ఏడాది టీ14 ఐదో తరంలో మళ్లీ రెండు మామూలు స్లాట్లూ పెట్టారు, మరమ్మతుకి మార్కులు వేసే ఐఫిక్సిట్ దానికి 10కి 9 ఇచ్చింది. చెయ్యాలనుకుంటే అవుతుందన్నమాట. చేసినవాళ్లని మొదటి వారంలోనే మెచ్చుకోకపోతే వచ్చే ఏడు వాళ్లు మాత్రం ఎందుకు చేస్తారు?

ఎస్పీ రోడ్డులో 2018 నాటి థింక్‌ప్యాడ్ టీ480కి ఇప్పటికీ గిరాకీ ఉందంటే దాని అందం చూసి కాదు. లావుగా, నల్లటి డబ్బాలా ఉంటుంది. రెండు ర్యామ్ స్లాట్లు ఉన్నాయి, లోపల ఒక బ్యాటరీ, వెనక ఊడదీసి మార్చుకునే ఇంకో బ్యాటరీ ఉన్నాయి. దానికితోడు ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసర్. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే మొదలయ్యేది ఈ ఎనిమిదో తరం దగ్గరే. దానికి ముందరి ఏడాది యంత్రాలు ఎంత గట్టివైనా గీతకి అవతల ఉండిపోయాయి. వాటిలో లైనక్స్ వేసుకుని వాడేవాళ్లు ఉన్నారు, ట్యాలీ నడపాల్సిన కొట్టువాడికి మాత్రం ఆ దారి కష్టం.

రెండో యజమానికి ఇంకో ముప్పు ఉంది, ఇది పూర్తిగా మొదటి యజమాని చేతిలో పని. బిజినెస్ ల్యాప్‌టాప్‌లకి తాళాలు ఎక్కువ. విండోస్ కన్నా ముందే లేచి యంత్రాన్ని నడిపించే మూల సాఫ్ట్‌వేర్ బయోస్‌కి సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ పెట్టి మరిచిపోతే చాలా మోడళ్లలో బ్యాటరీ తీసి పెట్టినా పోదు, మదర్‌బోర్డు మార్చమంటారు. దొంగతనం నుంచి కాపాడే అబ్సల్యూట్ లాంటి ఏర్పాటు బయోస్‌లోనే కూర్చుని ఉంటుంది, ఒకసారి ఆన్ చేస్తే డిస్కు మార్చినా మళ్లీ పుట్టుకొస్తుంది. ఆఫీసు యంత్రాలని నెట్ ద్వారా కంపెనీ పేరుకి కట్టేసే మైక్రోసాఫ్ట్ ఆటోపైలట్‌లో నమోదు చేసిన యంత్రమైతే, విండోస్ శుభ్రంగా మళ్లీ వేసి నెట్ కలిపీ కలపగానే ఏదో కంపెనీ పేరు చూపించి ఆఫీసు ఐడీ అడుగుతుంది. అమ్మేముందు ఆ నమోదు తీసెయ్యడం కంపెనీ ఐటీ విభాగానికి కాసేపటి పని. చెయ్యకుండా వదిలేస్తే, నెలల తరబడి కూడబెట్టి కొన్న పిల్లాడు దొంగ సొత్తు కొన్నవాడిలా నిలబడతాడు. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు డబ్బు ఇచ్చేముందే బయోస్ తెరిచి చూడాలి. విండోస్‌ని షాపులోనే రీసెట్ చేయించి, ఫోన్ హాట్‌స్పాట్ కలిపి మొదటి స్క్రీన్ దాకా వెళ్లాలి. షాపువాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

నా వాదనకి వినబడే ఎదురుమాట ఒకటే: "ఎవడు విప్పుతాడండీ?" నిజమే, కొన్నవాళ్లలో నూటికి తొంభైమందికి పైగా అడుగు మూత ముట్టుకోరనే నేనూ అనుకుంటాను. కానీ విప్పేది వాళ్లే కానక్కర్లేదు. ఆన్‌సైట్ వారంటీ ఉంటే ఇంజనీరు మన బల్ల దగ్గరికే వచ్చి అరగంటలో కీబోర్డు మార్చి వెళ్తాడంటే, ఆ యంత్రాన్ని విప్పడానికి వీలుగా చేశారు కాబట్టే. జిగురుతో అతికించినదాన్ని సర్వీస్ సెంటర్‌కి పంపాలి, వారంపాటు మన పని ఆగాలి. సొంతంగా పని చేసుకునేవాడికి వారం ఆగడమంటే ఏమిటో ఉద్యోగంలో ఉన్నంతకాలం నాకు తెలియదు. కొనేముందు నేను డీలర్‌ని ఆరా తీసింది కూడా ప్రాసెసర్ గురించి కాదు. వారంటీ ఆన్‌సైటా, క్యారీ-ఇన్నా? మొదలయ్యేది బిల్లు తేదీ నుంచా, ఫ్యాక్టరీ తేదీ నుంచా? బ్యాటరీకి ఎన్నేళ్లు? ఈ మూడూ పెట్టె మీద ఉండవు.

ఇంకో ఎదురుమాట మా మేనల్లుడిదే. నా కొత్తదాన్ని చేతిలోకి తీసుకుని, "ఇంత పెట్టి కొంటివి, ఇంత బరువేంది మామా?" అన్నాడు. 1.4 కిలోల పైచిలుకు ఉంది. కిలోకి తక్కువ ఉండేవీ దొరుకుతున్నాయి. ఆ అర కిలో ఎక్కడుందో అడుగు మూత తీసి చూపించాను: స్లాట్లు, స్క్రూ గూళ్లు, కాస్త పెద్ద ఫ్యాన్, నెట్‌వర్క్ కేబుల్ గుచ్చుకునే రంధ్రం. ఖాళీ స్లాటుని కాసేపు చూసి, "ఇది ఎప్పుడు అమ్ముతావు?" అన్నాడు.

ఫ్రాన్స్‌లో 2021 నుంచి ల్యాప్‌టాప్ ధర పక్కనే, మరమ్మతు ఎంత సులువో 10కి మార్కులు వేసి చూపించాలన్న నిబంధన ఉంది. యూరప్‌లో 2027 ఫిబ్రవరి నుంచి ఇలాంటి వస్తువుల్లో బ్యాటరీని వాడేవాడే తీసి మార్చుకునేలా ఉండాలి. మన వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో రైట్ టు రిపేర్ మీద కమిటీ వేసింది, అదే డిసెంబరులో పోర్టల్ కూడా తెరిచింది. షాపులో ధర చీటీ పక్కన ఆ మార్కులు మాత్రం నేను కొన్నప్పుడు లేవు. అవి లేని చోట, కొన్నవాడు నోరు తెరిచి చెప్పడం తప్ప దారేముంది?

ఆ అవకాశం నాకు మొదటి వారంలోనే వచ్చింది. అమ్మిన కంపెనీ తరఫున ఒకమ్మాయి ఫోన్ చేసి, కొత్త ల్యాప్‌టాప్ మీద అభిప్రాయం కావాలి సార్, డిజైన్‌కి పదికి ఎన్ని ఇస్తారు, బరువుకి ఎన్ని, స్పీడుకి ఎన్ని అని అడుగుతూ పోయింది. అన్నిటికీ ఏదో ఒక అంకె చెప్పి, ర్యామ్‌కి రెండు స్లాట్లు ఉంచినందుకూ, బ్యాటరీని జిగురుతో అతికించనందుకూ పదికి పది రాసుకోమన్నాను. కాసేపు వెతికింది. "ఆ కాలమ్ లేదు సార్, 'ఇతరాలు'లో వెయ్యమంటారా?" అంది. వెయ్యమన్నాను. స్పెల్లింగు కూడా చెప్పాను.